ఆగితే పేలుతుంది

హిల్యా రాంత బాగుచేసిన తుపాకి ఏదైనా ఆమె షెడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు దానికి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉంటుంది. తుపాకిలో తప్పేమిటో, తాను ఏం చేసిందో దాని మీద పెన్సిలుతో రాసి, కింద పొడి అక్షరాల్లో సంతకం పెడుతుంది. మా ఊళ్లో దాన్ని హిల్యా చీటీ అంటారు. ఆ చీటీ మీద అబద్ధం ఉండదని మిషిగన్ ఉత్తరపు కొసన ఉన్న మా గని ఊళ్లన్నిటికీ తెలుసు. ఒకసారి జింకల సీజను రేపనగా ఆమె సొంత తమ్ముడు ఓనీ తన రైఫిల్ తెచ్చి, ఊరికే చూసి బాగుందని రాసివ్వమన్నాడు. "గొట్టం చీలింది, గోడకి తగిలించుకో" అని రాసిచ్చింది. ఓనీ ఆ ఏడు వేటకి పోలేదు. రెండేళ్లు అక్కతో మాట్లాడలేదు. మూడో ఏడు అతనే ఏలకుల రొట్టె పట్టుకుని వచ్చి కాఫీ బల్ల దగ్గర కూర్చున్నాడు.

ఆమెకి అరవై తొమ్మిదేళ్లు. మనిషి పొట్టి, చేతులు మాత్రం మగవాడి చేతుల్లా ఉంటాయి. తండ్రి ఇంటి వెనక షెడ్డులో తుపాకులు బాగుచేసేవాడు. హిల్యా ఇరవై ఆరేళ్లు గని మెషిన్ షాపులో ఇనుము సానబట్టి, గని మూసేశాక అదే షెడ్డులో తండ్రి స్టూలు మీద కూర్చుంది. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే "కొలత కుదర్లేదు" అంటుంది. పంచదార పలుకు పళ్ల మధ్య పెట్టుకుని దాని గుండా కాఫీ పీలుస్తుంది. శనివారం ఆవిరి స్నానం తప్పదు. ఆ పూట రాష్ట్రం గవర్నరు వచ్చినా తలుపు తియ్యదు.

ఆమె దగ్గరికి వెళ్లేవాళ్లకి ఒక్కటే షరతు. తూటా పేలకుండా తుస్సుమన్నదని చెప్పేవాడు ఆ తుస్సుమన్న తూటాలు కూడా తేవాలి. "చచ్చినవాటిని చూపించు, బతికినవి ఏం చెప్తాయి?" అంటుంది. జనం తూటాలు పారేసి తుపాకి మాత్రం తెస్తారు, ఆమె చేత చీవాట్లు తింటారు.

ఇక నా సంగతి. నా పేరు ఆర్లో పెండిల్. ముప్ఫై మూడేళ్లు స్కూలు బస్సు నడిపాను, ఒక్కరోజు ఒక్క నిమిషం ఆలస్యం కాలేదు. ఎవరి కోసం ఆగితే కదా ఆలస్యమయ్యేది? పిల్లలు మంచులో పరిగెత్తుకుంటూ వస్తున్నా టైమైతే తలుపు మూసేసేవాణ్ని. బస్సు వదిలేశాక మా షూటింగ్ క్లబ్బు వాళ్లు ఏరికోరి నన్నే లైను అధికారిగా, అంటే కాల్చేవాళ్ల వరసని నడిపేవాడిగా, పెట్టారు. గని వాళ్ల పాత వడ్రంగి షెడ్డులో చలికాలమంతా మంగళవారం సాయంత్రాలు పోటీ జరుగుతుంది. మనిషికి పది గుళ్లు, ఒక్కో గుండుకి నలభై సెకన్లు. గడియారం నా చేతిలోనే ఉంటుంది.

తూటా తుస్సుమంటే మాకు వేరే పద్ధతి ఉంది. కొన్ని తూటాలు చచ్చినట్టు పడి ఉండి కాసేపాగి పేలతాయి. అందుకని తుస్సుమనగానే ఎవరూ తుపాకి తెరవకూడదు. గొట్టం గురి వైపే ఉంచాలి, నేను గట్టిగా ముప్ఫై దాకా లెక్కపెట్టాలి, అందాకా లైనంతా కదలకుండా నిలబడాలి. లెక్కలో ఉండగా పేలితే ఆ గుండు చెల్లుతుంది. దొంగ తుస్సులు చెప్పేవాళ్లు కూడా ఉంటారు గనక, ఎవరి స్కోరు కాగితంలో తుస్సులు రాశామో ఆ కాగితం కింద హిల్యా సాక్షి సంతకం పెట్టాలి. లెక్క అయ్యాక కూడా పేలనివి ఒకే సాయంత్రం ఆరు దాటితే ఆ తుపాకి లైను దిగాల్సిందే. మళ్లీ రావాలంటే హిల్యా చీటీ ఉండాలి, ఆ చీటీ నేను అందరి ముందూ చదవాలి.

ఫిబ్రవరిలో క్లెమ్ ట్రెవారో తుపాకి ఏడుసార్లు తుస్సుమంది.

క్లెమ్‌కి డెబ్భై నాలుగు. గనిలో పెద్ద లారీ నడిపినవాడు. నలభై ఒక్క చలికాలాలు ఒక్క మంగళవారం మానలేదు, భార్య పోయిన వారం కూడా వచ్చాడు. రెండేళ్ల కింద కుడి భుజానికి ఆపరేషన్ అయ్యాక పేలినప్పుడు రైఫిల్ తన్నే తన్ను తినొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. అప్పుడు హిల్యాయే సలహా చెప్పి ఒక కిట్ తెప్పించింది. రైఫిల్ అదే, లోపల కదిలే భాగం మాత్రం తీసేసి కిట్ పెడితే వేలెడు పెద్ద తూటాలకి బదులు గోరంత చిన్న తూటాలు పేలతాయి. తన్ను ఉండదు. రెండు చలికాలాలు హాయిగా నడిచింది.

ఆ రోజు ఏడో తుస్సు తర్వాత క్లెమ్ మొహం గంటు పెట్టుకుని తూటాలు చెత్తవన్నాడు. నా నోరు ఊరుకుంటేనా? "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు" అని పన్నెండు మంది వినేలా అన్నాను. అందరూ నవ్వారు. క్లెమ్ తుపాకి సంచీలో పెట్టుకున్నాడు. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మర్నాడు అతని బండి చలికి స్టార్ట్ కాకపోతే నేనే హిల్యా దగ్గరికి తీసుకెళ్లాను.

"ఏమైంది దీనికి?" అంది హిల్యా.

"తూటాలు చెత్తవి. చవగ్గా వస్తున్నాయని ఎగబడి కొన్నా, నాదే బుద్ధితక్కువ."

"చచ్చినవేవి?"

"పారేశా."

"పారేశావా? చెవిలో ఇల్లు కట్టుకుని చెప్తున్నా కదయ్యా, ముప్ఫై ఏళ్ల నుంచి."

"నేను తెచ్చా," అని నేను కోటు జేబులోంచి రేకు డబ్బా తీశాను. క్లబ్బులో తుస్సులు వేసే డబ్బాలోంచి ఏడూ ఏరి పెట్టాను. పెద్ద సాయం చేశాననుకున్నాను. క్లెమ్ నా వైపు చూసిన చూపు మాత్రం థాంక్స్ చెప్పేలా లేదు.

హిల్యా ఆ ఏడింటిని తండ్రి పాత ఒంటి తూటా రైఫిల్‌లో ఒక్కొక్కటే పెట్టి ఇసుక పెట్టెలోకి కాల్చింది. ఆరు పేలాయి.

"చూశావా, తూటాలు బానే ఉన్నాయి," అన్నాను.

"తొందరపడకు. రెండో దెబ్బకి చచ్చింది కూడా లేస్తుంది. అది సాక్ష్యం కాదు." ఈసారి క్లెమ్ పెట్టెలోంచి కొత్తవి పది తీసి అదే పాత రైఫిల్‌లో కాల్చింది. పదీ పేలాయి. "ఇది సాక్ష్యం. తూటాలది తప్పు కాదు, క్లెమ్."

"అయితే నూనె గడ్డకట్టి ఉంటుంది, చలికి," అన్నాను.

"సరే, పెద్దమనిషివి, నీ నూనె సంగతీ చూద్దాం."

కిట్ ఊడదీసి, తూటా కూర్చునే గూడులో మసీ మైనమూ గోకి, నూనెంతా తుడిచి మళ్లీ బిగించింది. పదింటిలో మూడు తుస్సు. నా సిద్ధాంతం కూడా తుస్సే. అప్పుడామె చచ్చిన తూటా ఒకటి భూతద్దం కింద పెట్టి నన్ను చూడమంది. పెద్ద తూటాకి మందు మధ్యలో ఉంటుంది, అక్కడ పొడిస్తే చాలు. ఈ చిన్నవాటికి మందు అంచులో ఉంటుంది, అంచు నలిగేలా గట్టి దెబ్బ పడాలి.

"చూడు. దంచినట్టుండాలి. ఇది గోరుతో గిచ్చినట్టుంది. కొట్టే సుత్తికి బలం చాలట్లేదు."

ఆమె ట్రిగ్గర్ వైపు చెయ్యి పెట్టేసరికి క్లెమ్ లేచి నిలబడ్డాడు. "అదెందుకు ఇప్పడం, హిల్యా? దాన్నెవరు ముట్టుకున్నారు? కిట్‌దే లోపం. పోనీ, వేరే కిట్ తెప్పించు."

హిల్యా తలెత్తలేదు. పిన్ను తోసింది, సుత్తి బయటికి తీసింది. దాన్ని ముందుకు నెట్టే స్ప్రింగుకి రెండు కాళ్లుండాలి. ఒక కాలు మొదలంటా తెగి ఉంది. పట్టకారుతో కొరికిన గుర్తు మెరుస్తోంది. ట్రిగ్గర్ తేలికవుతుందని వంటింటి బల్ల మీద కూర్చుని స్ప్రింగు కత్తిరించడం కొత్తగా తుపాకి కొన్న కుర్రకారు చేసే పని. పెద్ద తూటాలైతే ఆ ఒంటికాలి స్ప్రింగుతోనూ పేలతాయి. చిన్నవి పేలవు. నలభై ఒక్కేళ్ల అనుభవం ఉన్నవాడు అంత పిచ్చిపని ఎందుకు చేశాడో నాకు అర్థం కాలేదు.

"ఆర్లో, కట్టెలు తే," అంది హిల్యా.

పొయ్యి పక్కన కట్టెల పెట్టె నిండుగా ఉంది. అది చూసి కూడా వెళ్లాను. చేతుల నిండా కట్టెలతో తిరిగొచ్చేసరికి క్లెమ్ మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఆపలేదు.

"నవంబర్ నుంచి. డాక్టరు వద్దన్నా పెద్ద తూటాలు పెట్టుకుని వేటకి పోయా. జింక ఎదురుగా నిలబడింది, వేలు ముడుచుకోలేదు. అది నా మొహం చూసి వెళ్లిపోయింది. నరం అంటాడు డాక్టరు. చొక్కా గుండీలకి పావుగంట పడుతోంది." కుడి చూపుడువేలు బల్ల మీద పెట్టి ముడవబోయాడు. అది సగం దాకా వచ్చి వణికి ఆగిపోయింది. "గట్టి స్ప్రింగు పెడితే నేను నొక్కలేను. నొక్కగలిగేది పెడితే అది పేలదు. ఏది పెడతావ్, చెప్పు."

హిల్యా ఆ తెగిన స్ప్రింగు తెచ్చి అతని వేలి పక్కన పెట్టింది.

"తూటాలు చెత్తవని రాసెయ్. ఒక్క ముక్క. అలా కాక లైన్లో వీడు ఒంటికాలి స్ప్రింగని చదివితే, ముసలోడికి చెయ్యి పడిపోయిందని అందరికీ తెలిసిపోద్ది. తర్వాత జాలిపడతారు. జాలిపడే చోటికి నేను రాలేను."

"రాయను."

"నీకేం పోద్ది?"

"నా చీటీ పోద్ది."

క్లెమ్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "మంగళవారం ఒక్కటే నేను మనుషుల్లో పడే రోజు, హిల్యా. మిగతా ఆరు రోజులూ రేడియోతో పోట్లాడతా. అది కూడా పోతే ఇంట్లో కూర్చుని ఏం చెయ్యను?"

నేను కట్టెలు పట్టుకుని అలాగే నిలబడ్డాను. మద్దెల నిజంగానే ఓడు. ఆడేవాడు ఆడలేకపోయి, తన చేత్తో తానే దాన్ని చింపుకున్నాడు. అది తెలియక నేను పన్నెండు మందిని నవ్వించాను.

"ఆదివారం రా," అంది హిల్యా. "ఆర్లో, ఆ కట్టెలు కింద పెట్టు, కాఫీ చల్లారిపోతోంది."

ఆదివారం వెళ్లేసరికి ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. స్ప్రింగు కొత్తది, రెండు కాళ్లదీ పెట్టింది. ట్రిగ్గర్ మార్చేసింది. ఇది రెండు మెట్లది. మొదటి మెట్టు మెత్తగా చాలా దూరం వస్తుంది, రెండోది చిన్న ముక్క. ఒరుసుకునే అంచులు మూడు రోజులు సాన రాయి మీద నున్నగా పట్టింది. శనివారం ఆవిరి స్నానం కూడా మానేసిందని తర్వాత ఓనీ చెబితే నేను నమ్మలేదు.

"తియ్యగలిగినంత బరువు తీశా. ఇంకా తీస్తే బల్ల మీద పెట్టినా పేలుద్ది, నేను చెయ్యను. సుత్తి దెబ్బ మాత్రం పూర్తిగా ఉంది. ఇందాక వంద కాల్చా, వందా పేలాయి."

ఈ చిన్న తూటాల తుపాకి ఖాళీగా నొక్కితే తూటాని కొట్టే పిన్ను వెళ్లి గూడు అంచుని కొడుతుంది, అంచు దెబ్బతింటుంది. అందుకని పేలిపోయిన ఖాళీ తూటా ఒకటి లోపల పెట్టి క్లెమ్‌కి ఇచ్చింది. క్లెమ్ గోడ మీది క్యాలెండరుకి గురిపెట్టి నొక్కడం మొదలెట్టాడు. వేలు వచ్చింది, ఆగింది, మళ్లీ కొంచెం వచ్చింది. అతని నుదుటి మీద చెమట పట్టింది. నా చెయ్యి అలవాటు కొద్దీ జేబులో గడియారం మీదికి పోయింది. ఎంతో సేపటికి టక్కుమంది.

"యాభై ఎనిమిది," అన్నాను.

"నొక్కగలడు. టైము కావాలి, అంతే," అంది హిల్యా.

"రూలు నలభై."

"నిన్ను నేనేమన్నా అడిగానా?"

అడగలేదు, నిజమే. ఆమె చీటీ రాసి దారం ముడేసింది.

మంగళవారం షెడ్డు నిండా జనం. క్లెమ్ ఆరో స్థానంలో నిలబడ్డాడు, చొక్కా పై గుండీ పెట్టుకోలేదు. హిల్యా ఎప్పట్లాగే వెనక గోడకి ఆనుకుని కాఫీ ఫ్లాస్కుతో కూర్చుంది. నేను చీటీ విప్పి చదివాను.

"స్ప్రింగుకి ఒక కాలు కత్తిరించి ఉంది. మార్చాను. ఇప్పుడు తుపాకిలో తప్పేమీ లేదు. ఆగితే పేలుతుంది."

ఒకళ్లిద్దరు కిసుక్కున నవ్వారు. "ఎవడు కత్తిరించాడంట, ఆ తెలివైనోడు?" అని పాల బండి నడిపే డ్యూయీ అడిగాడు.

"నేనే," అన్నాడు క్లెమ్.

డ్యూయీ ఇంకో మాట అనబోయి అతని చెయ్యి చూశాడు. కుడిచేతి చూపుడువేలిని ఎడంచేత్తో పట్టుకుని ట్రిగ్గర్ మీద పెట్టుకుంటున్నాడు క్లెమ్. డ్యూయీ నోరు మూసుకున్నాడు.

మొదటి గుండుకి గంట కొట్టాను. వరసగా అందరివీ పేలాయి. ఆరోది పేలలేదు. ఇరవై అయింది, ముప్ఫై అయింది. క్లెమ్ భుజం చిన్నగా అదురుతోంది గాని గొట్టం కదలట్లేదు. ముప్ఫై ఐదు. నలభైకి నేను "టైము" అనాలి. ముప్ఫై మూడేళ్లు ప్రతి ఉదయమూ అన్న మాటే. ఒకసారి ఇదే క్లెమ్ కూతురు రూతి చేతిలో బూటు పట్టుకుని పరిగెత్తుకొస్తుంటే ఆ మాటే అని తలుపు మూశాను. అద్దంలో ఆ పిల్ల చిన్నదైపోతూ కనిపించింది.

ముప్ఫై తొమ్మిది.

"ఆరో స్థానం, తుస్సు," అన్నాను. "ఎవరూ కదలొద్దు. లెక్కపెడుతున్నా. ఒకటి."

క్లెమ్ తల తిప్పలేదు. తూటా తుస్సుమనలేదని అతనికి తెలుసు, నాకు తెలుసు. సుత్తి పడితే వినపడే టక్కు ఎవరికీ వినపడలేదు గనక షెడ్డులో చెవులున్న ప్రతివాడికీ తెలుసు. "రెండు. మూడు." ఎవరూ దగ్గలేదు. పదిహేను దగ్గర నాతోపాటు డ్యూయీ కూడా లెక్కపెట్టడం వినిపించింది. పద్దెనిమిదికి ఇంకో ఇద్దరు కలిశారు.

"ఇరవై ఒకటి" అంటుండగా పేలింది.

"లెక్కలో పేలింది. చెల్లుతుంది," అన్నాను.

ఎనిమిదో వలయంలో తగిలింది. రెండోది ఆరులో, మూడోది తొమ్మిదిలో. ప్రతి గుండుకీ ముప్ఫై తొమ్మిది దగ్గర నేను తుస్సన్నాను, ప్రతిదానికీ లైనంతా నిలబడి లెక్కపెట్టింది. పోటీ ముగిసేసరికి ఎప్పటికంటే బాగా ఆలస్యమైంది, ఇళ్ల దగ్గర వంటలు చల్లారిపోయి ఉంటాయి. ఒక్కరూ సణగలేదు. పదో గుండు పదిలోనే తగిలింది. దానికి ఇరవై ఎనిమిది దాకా లెక్కపెట్టాం. క్లెమ్ ఆ రాత్రి ఆఖరి స్థానంలో వచ్చాడు.

వెళ్తూ వెళ్తూ నా పక్కన ఆగాడు. "ఆ రోజు మా రూతి కోసం కూడా ఓ ముప్ఫై లెక్కపెట్టుండాల్సింది నువ్వు," అన్నాడు.

"అవును, క్లెమ్," అన్నాను.

"వచ్చే మంగళవారం కూడా లెక్కపెడతావా?"

"పెడతా."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. బండిలో అతను గుండీలు పెట్టుకోవడం అయ్యేదాకా డ్యూయీ హెడ్‌లైట్లు వేసి ఉంచాడు.

అతని కాగితంలో తుస్సుల గడిలో పది అని రాసి హిల్యా ముందు పెట్టాను. ఆమె కళ్లజోడు పెట్టుకుని చదివింది.

"పదా?"

"పది," అన్నాను.

ఆమె కళ్లజోడు మీదుగా నా మొహం చూసింది. ఈవిడ సొంత తమ్ముడు ఓనీకే అబద్ధం రాయలేదు, నాకోసం రాస్తుందా అనుకున్నాను. ఆమె సంతకం పెట్టకపోతే ఆ పది గుళ్లూ చెల్లవు, వచ్చే మంగళవారం నుంచి ఆరో స్థానం ఖాళీయే.

హిల్యా నా చేతిలోంచి పెన్సిలు తీసుకుంది. చీటీల మీద ఎప్పుడూ పొడి అక్షరాలే పెట్టే మనిషి, ఆ అబద్ధం కింద మాత్రం తన పేరు పూర్తిగా రాసింది.